నాలుగు మూళ్ళు, మూడు నాలుగులు

రెండేళ్ల క్రితం జూన్‌లో, బడులు తెరిచిన రెండో వారంలో, నేరేడ్‌మెట్‌లోని ఒక ప్రైవేటు పాఠశాలలో నన్ను ప్రైమరీ విభాగానికి లెక్కల కోఆర్డినేటర్‌గా నియమించారు. అప్పటికి ఆ బడిలో ఆరేళ్లుగా మూడో తరగతికి పాఠాలు చెబుతున్నాను. మా బడిలో అంచెలు ఇలా ఉండేవి: క్లాస్ టీచర్, ఆ పైన సబ్జెక్ట్ కోఆర్డినేటర్, ఆ పైన అకడమిక్ ఇన్‌ఛార్జ్, అందరి పైన ప్రిన్సిపల్. కోఆర్డినేటర్‌కు వారానికి ఆరు పీరియడ్లు తగ్గుతాయి. వాటి బదులు మూడు పనులు మీద పడతాయి. పరీక్షకు ముందు బ్లూప్రింట్ వేయాలి, అంటే ఏ పాఠం నుంచి ఎన్ని మార్కులకు ప్రశ్నలు రావాలో గడులు గీసి పంచాలి. ప్రశ్నపత్రంతో పాటు ఆన్సర్ కీ రాయాలి. ఏ సెక్షన్ పేపర్లు ఎవరు దిద్దినా మార్కులు ఒకేలా పడడానికి ఆధారం ఆ కాగితమే. దిద్దడం అయ్యాక మోడరేషన్ చేయాలి, అంటే ప్రతి కట్టలోంచి కొన్ని పేపర్లు తీసి మళ్ళీ దిద్ది చూడాలి.

ఆ ఉద్యోగం ఇప్పుడు లేదు. మా పాపకు తరచూ ఆయాసం వస్తుండడంతో పోయిన ఏడాది మానేశాను. ముప్పై రెండేళ్లకే ఉద్యోగ జ్ఞాపకాలేమిటని మావారు నవ్వుతారు. నవ్వనీ. పాప నిద్రపోయాక, ఊపిరి సమంగా ఆడుతోందని రెండుసార్లు చూసుకుని వచ్చి కూర్చునే ఈ గంటలో నాకు తరచూ గుర్తొచ్చేది ఆ ఏడాది దసరా సెలవులు. లెక్కలు చెప్పే పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకునే వాళ్ళకు అవి పనికొస్తాయని రాస్తున్నాను.

ముందు మా బడి నియమం ఒకటి చెప్పాలి. మొదటి టర్మ్ పరీక్షలో లెక్కల్లో నలభైకి పదహారు రాని మూడో తరగతి పిల్లలను దసరా సెలవుల తర్వాత ఫౌండేషన్ సెక్షన్‌కు పంపేవారు. పేరు బాగానే ఉంది. అక్కడ లెక్కల పీరియడ్‌లో రెండో తరగతి పుస్తకం మళ్ళీ మొదలుపెడతారు. కాగితం మీద అది ఒక్క టర్మ్‌కే. నేను చూసిన ఆరేళ్లలో అలా వెళ్లి, ఏడాది మధ్యలో తిరిగి వచ్చిన పిల్లలు ఇద్దరే. మిగతావాళ్ళు నాలుగో తరగతికి కూడా ఆ ముద్రతోనే వెళ్లారు. పిల్లలు దాన్ని 'డౌన్ సెక్షన్' అనేవాళ్ళు. పిల్లలు పెట్టే పేర్లలో మొహమాటం ఉండదు.

ఆ టర్మ్ ప్రశ్నపత్రంలో తొమ్మిదో ప్రశ్న నేను రాసిందే. మూడు చిన్న గుణకారాలు ఇచ్చి, ఒక్కోదానికి బొమ్మ గీసి చూపించమన్నాను: 4 × 3, 2 × 5, 6 × 2. ఒక్కోటి రెండు మార్కులు. కీలో ఇలా రాశాను: "4 × 3 అంటే నాలుగేసి వస్తువులు ఉన్న గుంపులు మూడు. గుంపులు తారుమారైతే మార్కులు లేవు."

ఆ చివరి వాక్యం నేను గాలిలోంచి తీయలేదు. లెక్కలు నేర్పడం గురించి తెలుగులో రాసే ఒక బ్లాగరు ఉన్నారు. 'ఒక ఇన్‌స్ట్రక్టర్' అని మాత్రమే సంతకం చేస్తారు. రైల్వే అప్రెంటిస్ కుర్రాళ్ళకు కొలతలు నేర్పి రిటైరైన మనిషి. పద్దెనిమిదేళ్ల పిల్లలు స్కేలు మీద పావు అంగుళం చూపలేకపోతుంటే, ఆ తప్పు ఎక్కడ మొదలైందా అని వెనక్కి వెతుక్కుంటూ మూడో తరగతి దాకా వెళ్లానని తన గురించి రాసుకున్నారు. నేను టీచరైన కొత్తలోనే ఆ బ్లాగు చూసి, ఒక్కటీ వదలకుండా చదివాను. అందులో ఒక పాత వ్యాసంలో మౌలాలి గుట్ట మెట్ల ఉదాహరణ ఉంది. నాలుగో ఎక్కం అంటే నాలుగేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కడం, కాబట్టి 4 × 3 అంటే 'నాలుగు, మూడు సార్లు', అంటే నాలుగు మెట్ల అంగలు మూడు, పిల్లలకు ఇది మొదటి రోజే తేల్చి చెప్పాలి అని. నాకు తేల్చి చెప్పడం అంటే ఇష్టం. ఆ వ్యాసం ప్రింటు తీసి నా ఫైలులో పెట్టుకున్నాను. కీ రాసేటప్పుడు ఎదురుగా అదే ఉంది.

పరీక్షలు అయ్యాయి. టీచర్లు దిద్దారు. మూడు సెక్షన్లలో పదహారు కంటే తక్కువ వచ్చిన పేపర్లు తొమ్మిది తేలాయి. అలాంటి పేపర్లను కోఆర్డినేటర్ పూర్తిగా మళ్ళీ దిద్ది, సెలవుల తర్వాత బడి తెరిచే రోజున పేర్ల జాబితా ఇన్‌ఛార్జ్‌కు ఇవ్వాలి. ఆ తొమ్మిదీ కవరులో పెట్టుకుని మెట్టుగూడలోని మా ఇంటికి తెచ్చుకున్నాను. సెలవులు పదమూడు రోజులు.

ఎనిమిది పేపర్లలో పేచీ లేదు. కూడికలోనే తడబాటు ఉంది, అంకెల స్థానాలు తెలియలేదు. తొమ్మిదోది సి సెక్షన్ అక్షయది. నలభైకి పదమూడు. తొమ్మిదో ప్రశ్నకు ఆరుకు సున్నా. 4 × 3 కు ఆ పిల్ల నాలుగు గుండ్రటి ప్లేట్లు గీసి, ఒక్కో దానిలో మూడేసి ఇడ్లీలు పెట్టింది. ప్రతి ప్లేటుకూ పక్కన చట్నీ గిన్నె. కింద పన్నెండు అని రాసింది. కీ ప్రకారం తారుమారు, కాబట్టి నేను కూడా సున్నాయే పెట్టాను. 2 × 5 కు రెండు ప్లేట్లు, ఐదేసి. సున్నా. 6 × 2 కు ఆరు ప్లేట్లు, రెండేసి. అక్కడ సున్నా చుట్టబోయి కలం ఆపాను. తెలియక గీసే పిల్లలు ఒకసారి అటూ ఒకసారి ఇటూ గీస్తారు. ఈ పిల్ల మూడుసార్లూ ఒకే వైపు తప్పు చేసింది. అంత క్రమంగా తప్పు చేయాలంటే దాని వెనక ఏదో ఒక నియమం ఉండాలి. ఆరు మార్కులు కలిపితే పందొమ్మిది. కలపకపోతే డౌన్ సెక్షన్.

ఇన్‌ఛార్జ్ విజయలక్ష్మి మేడం గారికి ఫోన్ చేశాను. ఆవిడది గోదావరి వైపు. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నా మాటలో ఆ సాగదీత పోలేదు. అంతా విని, "చూడమ్మా శ్రావణీ, కీ రాసింది మీరే, దిద్దించింది మీరే. ఇప్పుడు మీకే అనుమానం వస్తే ఎలాగండీ? దిద్దడం అయిపోయాక కీ మార్చామని తెలిస్తే పేరెంట్స్ అందరూ గేటు దగ్గరే ఉంటారు. వాళ్ళకి నేను చెప్పుకోవాలి" అన్నారు. గట్టి ఆధారం ఏదైనా ఉంటే తెమ్మన్నారు.

గట్టి ఆధారం అనగానే నాకు తట్టింది ఆ బ్లాగరే. ఆయన వ్యాసాన్ని బట్టే కీ రాశాను కాబట్టి, ఆయన ఒక్క మాట చెబితే చాలు. కీ సరైనదే అంటే నా అనుమానం తీరుతుంది, కాదంటే మేడం గారికి చూపించడానికి ఒక కాగితం దొరుకుతుంది. ఎటైనా నాకు నిశ్చింత అనుకున్నాను.

బ్లాగులో ఫోన్ నంబరు గానీ మెయిలు గానీ లేవు. వ్యాసం కింద కామెంటు పెట్టే గడి మాత్రం ఉంది, అదీ ఆయన చూసి ఆమోదిస్తేనే కనిపిస్తుంది. సెలవుల్లో మూడో రోజున నాలుగుసార్లు తిరగరాసి ఒక కామెంటు పెట్టాను. "గౌరవనీయులైన ఇన్‌స్ట్రక్టర్ గారికి" అని మొదలుపెట్టి, నా హోదా, బ్లూప్రింటు, కీలోని వాక్యం, దానికి ఆయన వ్యాసంలో ఉన్న ఆధారం, గుణకారం మీద వేర్వేరు పుస్తకాలు చెప్పే తీరు, అన్నీ రాశాను. కింద నా మెయిలు ఇచ్చాను. కాగితం మీద అయితే రెండు పేజీలు.

ఆ తర్వాత ఐదు రోజులు ఏమీ రాలేదు. గంటకోసారి ఫోను చూసుకునేదాన్ని. మా అత్తగారు, "ఎవరికన్న ఉత్తరం రాసినవా, పెండ్లి సంబంధానికి జవాబు కోసం చూసినట్టు చూస్తున్నవు" అన్నారు. ఆ ఐదు రోజుల్లో ఈ విషయంలో నేను చేసిన ఇంకో పని లేదు. దాన్ని ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుగానే ఉంటుంది, ఎందుకంటే అక్షయ వాళ్ళ నానమ్మ టిఫిన్ బండి మా ఇంటికి రెండు సందుల అవతలే ఉంది. పరీక్ష పేపర్ల సంగతి బడి బయట మాట్లాడకూడదన్న నియమం ఒకటి అడ్డుపెట్టుకుని, ఆ వైపు ఆలోచనే పోనివ్వలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మెయిలు వచ్చింది. ఒక ఫోన్ నంబరు, కింద ఒకే వాక్యం: "సాయంత్రం ఆరు తర్వాత చెయ్యండి, టైపింగ్ నాకు తక్లీఫ్."

ఆరుంబావుకు చేశాను. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పబోతే ఆపారు.

"అంతా చదివిన అమ్మా. మంచిగ రాసినవు. కానీ జెర ఒకటి చెప్పు. రెండు పేజీలు రాసినవు గదా, అండ్ల ఆ పాప మాట ఒక్కటన్న ఉన్నదా?"

లేదన్నాను.

"బొమ్మ ఎందుకు గట్ల గీసినవని అడిగినవా?"

సెలవులని, పేపరు బయట చూపించకూడదని చెప్పాను.

"పేపర్ ఎందుకు చూపెడతవు? తెల్ల కాయితం ఇయ్యి. మళ్ల గీయమను. గీసినంక, ఇదేందని అడుగు. అంతే. నువ్వు ముందుగాల ఏం చెప్పకు."

అది చేస్తాను గానీ, మీ అభిప్రాయం రెండు వాక్యాల్లో మెయిలు చేస్తే మా ఇన్‌ఛార్జ్ గారికి చూపిస్తానని అడిగాను. ఆయన నవ్వారు.

"నేను రాసింది చూసే గదమ్మా నువ్వు కీ రాసినవు. మళ్ల నాతోటే ఇంకో చీటీ రాయించుకుని కీ మారుస్తవా? ఈసారి సుత నేను తప్పయితే?"

అప్పుడు తెలిసింది, నేను ఆయన్ని అడిగింది జవాబు కాదు, సంతకం. ఆయన మాత్రం అక్కడితో వదల్లేదు. తన పాత వ్యాసం మీద తనకే అనుమానం వచ్చి నాలుగు రోజులు దానితోనే కూర్చున్నానని, జవాబు ఆలస్యం కావడానికి అదే కారణమని చెప్పారు.

"సార్లు, సార్లు అని రాసి నేనే గోల్‌మాల్ చేసిన. మా ఇంటామె రెండు మూడు సార్లు పిలిచిన అంటది. ఆరు సార్లు పిలిచినట్టా? మన మాటల ఆ లెక్క గట్ల కూసోదు. నువ్వు ఎక్కం చెప్పు ఒకసారి. నాలుగో ఎక్కం."

బడిలో పిల్లలతో చెప్పించేలాగే చెప్పాను. ఫోర్ వన్ జా ఫోర్, ఫోర్ టూ జా ఎయిట్, ఫోర్ త్రీ జా ట్వెల్వ్.

"ఆ 'జా' ఏందమ్మా?"

ఆరేళ్లకు పైగా రోజూ నా చెవిన పడుతున్న మాట. దానికి అర్థం ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. ఎక్కాల మధ్యలో వచ్చే దరువు అనుకున్నాను. ఆయనే చెప్పారు. 'ఫోర్ త్రీస్ ఆర్ ట్వెల్వ్' అనేది పిల్లల నోళ్ళలో నలిగి నలిగి 'త్రీ జా' అయిందట. నాలుగు మూళ్ళు కలిస్తే పన్నెండు అని దాని అర్థం. ఇంగ్లీషులో ఆ మాట అరిగిపోయింది. తెలుగులో అరగలేదు.

"మా అమ్మ చెప్తుండె, నాలుగు మూళ్ళ పన్నెండు. నాలుగు మూళ్ళు. మూడు నాలుగులు కాదు. నేను బడిల నేర్చుకున్న ఎక్కం ఒకటి చెప్తున్నది, నేను బ్లాగుల ఇంకొకటి రాసిన. మొత్తం ఒకటే, కానీ బొమ్మ ఒకటి కాదు. పో, ముందుగాల ఆ పాపను అడుగు."

పదో రోజు ఉదయం పది గంటలకు, బండి దగ్గర రద్దీ తగ్గాక వెళ్లాను. అక్షయ వాళ్ళ నాన్న డ్రైవరు, టిఫిన్ బండి చూసుకునేది నానమ్మ. అందరూ పోశమ్మ బండి అంటారు. అక్షయ బండి వెనక స్టూలు మీద కూర్చుని, సాయంత్రం బతుకమ్మకు తంగేడు పూలు కట్ట కడుతోంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. సెలవుల్లో టీచర్ కనిపిస్తే ఏ పిల్లకైనా భయమే.

పోశమ్మ గారు, "ఏం టీచరమ్మా, బడి బంద్ ఉన్నా ఇడిసిపెట్టరా మా పిల్లను" అంటూనే నాకు ప్లేటు పెట్టారు. ఊరికే ఒక చిన్న ఆట ఆడిద్దామని వచ్చానన్నాను. సంచిలోంచి తెల్ల కాగితం తీసి, పైన 4 × 3 అని మాత్రం రాసి ఇచ్చాను. అక్షయ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నాలుగు ప్లేట్లు, మూడేసి ఇడ్లీలు. చట్నీ గిన్నెలు కూడా.

ఇదేమిటని అడిగాను.

"నాలుగు మూళ్ళు మిస్. ఫోర్ ప్లేట్స్. ఒక్కో దాంట్ల త్రీ."

"మూడు ప్లేట్లు వేసి నాలుగేసి పెట్టచ్చు కదా?"

ఆ పిల్ల నానమ్మ వైపు చూసింది. జవాబు నానమ్మే చెప్పారు.

"గట్లెట్ల పెడ్తరు టీచరమ్మా? నాలుగు మూళ్ళు అంటే నలుగురు వచ్చిండ్రన్నట్టు. మూడు ప్లేట్లే పెడితే నాలుగోడు ఏం తింటడు? నిలవడి మన మొఖం చూస్తడా?"

బండి మీద ఆర్డర్లు ఆవిడ అలాగే అరుస్తారట. ఇద్దరు వచ్చి ఐదేసి బొండాలు అడిగితే 'రెండు ఐదులు', ఆరుగురికి రెండేసి గారెలైతే 'ఆరు రెళ్ళు'. ముందు మనుషులు, తర్వాత ఎన్నేసి. పిల్ల రోజూ బడి ముందూ బడి తర్వాతా ఆ బండి దగ్గరే ఉంటుంది. పరీక్షలో గుణకారం గుర్తు కనిపిస్తే తనకు వచ్చిన అర్థం అదే. మిగతా పిల్లలు 'జా' అని పాడుకునే చోట ఈ పిల్లకు మనుషులు, ప్లేట్లు కనిపించారు.

ఇంకో మాట అడిగాను. నాలుగేసి ఇడ్లీలు తినేవాళ్ళు ముగ్గురు వస్తే ఎలా రాస్తావని. "త్రీ ఫోర్స్, మిస్" అని 3 × 4 రాసింది. రాసి, కాస్త ఆగి, "టోటల్ సేమే, కానీ ఒకలు తక్కువొచ్చిండ్రు" అంది.

డౌన్ సెక్షన్‌కు పంపాల్సిన పిల్ల అన్న మాట ఇది. నేను ప్లేటు కింద పెట్టి, చేయి కడుక్కుని వచ్చేశాను. పేపరు మాట ఎత్తలేదు.

అప్పటి నుంచి నాకు తడబాటు లేదు. మేడం గారికి ఫోన్ చేసి, మూడు సెక్షన్ల కట్టలూ మళ్ళీ చూడాలి, బడి తాళాలు తీయించండని అడిగాను. ఏదైనా ఆధారం దొరికిందా అన్నారు. దొరికింది, వచ్చి చూపిస్తానన్నాను. పన్నెండో రోజు ఉదయం ఇద్దరం స్టాఫ్ రూములో కూర్చున్నాం. వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు.

మేడం గారు చెప్పిన మొదటి మాట, "రెండూ రైటే అని మాత్రం అనకండి. అలా అయితే పిల్లలు ఏం గీసినా రైటే అనాలి." న్యాయమైన మాటే. నేను వాదన పెట్టుకోలేదు. ఒక తెల్ల కాగితం ఆవిడ ముందుకు జరిపాను.

"మేడం, నలుగురు టిఫిన్‌కి వచ్చారు. ఒక్కొక్కరికి మూడు ఇడ్లీలు పెట్టాలి. గుణకారంలో ఎలా రాస్తారు?"

ఆవిడ కళ్ళజోడు కూడా సర్దుకోకుండా 4 × 3 అని రాశారు. కీ తీసి పక్కన పెట్టాను. ఆవిడ కీలోని వాక్యం చదివారు, తను రాసింది చూశారు, మళ్ళీ కీ చూశారు.

"ఏమండీ, మీ కీ ప్రకారం నాకూ సున్నాయేనా?"

"రెండుకు రెండూ పోయినట్టే మేడం."

ఆవిడ నవ్వలేదు. కట్టలు విప్పమన్నారు. మూడు సెక్షన్ల పేపర్లన్నీ ఇద్దరం చెరో సగం చూశాం. అక్షయలాగే మూడు బొమ్మలూ క్రమంగా అటువైపు గీసిన పిల్లలు ఇంకో పదకొండు మంది తేలారు. వాళ్ళకు మిగతా ప్రశ్నల్లో మంచి మార్కులు ఉండడంతో ఈ సున్నాలు ఎవరి కంటా పడలేదు. ఇటొకటి అటొకటి గీసిన పిల్లలు ఆరుగురు. ఒక ప్లేటులో మూడు, ఇంకో ప్లేటులో నాలుగు పెట్టిన పిల్లవాడు ఒకడు. ఈ ఏడుగురి మార్కులు కదపలేదు. మేడం గారి అభ్యంతరానికి జవాబు అక్కడే దొరికింది. ఏం గీసినా సరి అనలేదు, ఏదో ఒక అర్థం పట్టుకుని మూడుసార్లూ దాని మీదే నిలబడిన వాళ్ళకే మార్కులు ఇచ్చాం.

కీ మారిస్తే ఒక పద్ధతి ఉంటుంది. 'కీ సవరణ' అని ఒక పత్రం రాయాలి. ఏ ప్రశ్న, పాత వాక్యం ఏమిటి, కొత్త వాక్యం ఏమిటి, తప్పు ఎవరిది అని నాలుగు గడులు ఉంటాయి. నాలుగో గడిలో సాధారణంగా 'ముద్రణ దోషం' అని రాసి వదిలేస్తారు. మేడం గారు కూడా, పాపం మంచి మనసుతోనే, "ప్రింటింగ్ మిస్టేక్ అని రాసేయండమ్మా, గొడవ ఉండదు" అన్నారు. ఈ కీలో ముద్రణ దోషం ఏమీ లేదు. నేను రాసిన ప్రతి అక్షరం నేను రాసినట్టే ముద్రించారు. నాలుగో గడిలో నా పేరు, హోదా రాసి సంతకం చేశాను. గడుల కింద ఆధారం అనే చోట బ్లాగు పేరు గానీ, ఇన్‌స్ట్రక్టర్ గారి మాట గానీ రాయలేదు. 'విద్యార్థుల బొమ్మలు, జతపరచడమైనది' అని రాసి పన్నెండు పేపర్ల నకళ్ళు పెట్టాను.

ఆ ఏడాది చివర నా అప్రైజల్ పత్రంలో 'కీ తయారీలో లోపం' అని ఒక వాక్యం వచ్చింది. నిజమే కాబట్టి అభ్యంతరం చెప్పలేదు. పేరెంట్స్‌లో గేటు దగ్గరకు వచ్చింది ఇద్దరే. ఇద్దరికీ నేనే బొమ్మలు చూపించి చెప్పాను. ఒకాయన ఇంటికి వెళ్లి భార్యను కూడా ఇదే ప్రశ్న అడిగి, ఇద్దరికీ చెరో జవాబు వచ్చిందని మర్నాడు ఫోన్ చేశారు.

బడి తెరిచిన రోజు జాబితాలో ఎనిమిది పేర్లు వెళ్లాయి. అక్షయ సి సెక్షన్‌లోనే ఉంది. తనకు ఈ సంగతి ఏదీ తెలియదు. ఏడాది చివర నలభైకి ఇరవై ఏడు తెచ్చుకుంది. మామూలు మార్కులే. తను మామూలు పిల్లే. మామూలు పిల్లకు మామూలు పుస్తకం దొరకడమే ఆ పదమూడు రోజుల్లో తేలాల్సిన విషయం.

ఇన్‌స్ట్రక్టర్ గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. నానమ్మ మాట విని చాలాసేపు నవ్వారు. "నాలుగోడు ఏం తింటడు. గీ ముక్క ముప్పై ఏండ్ల సర్వీసుల నాకు తట్టలేదు" అన్నారు. బడి పేరు, పాప పేరు లేకుండా రాసుకోవచ్చా అని అడిగారు. రాయమన్నాను. కొత్త వ్యాసం రాయలేదు. పాత వ్యాసాన్ని తీసెయ్యకుండా, దిద్దకుండా, దాని కింద నాలుగు వాక్యాలు చేర్చారు: ఇక్కడ తప్పు రాశానని, దీన్ని నమ్మి ఒక టీచర్ పిల్లలకు సున్నాలు పెట్టాల్సి వచ్చిందని, మెట్ల బొమ్మ ఒక్కటే బొమ్మ కాదని, చదివేవాళ్ళు తమ ఇంట్లో ఎక్కం ఎలా చెబుతారో ముందు వినాలని.

ఆ ఘటన తర్వాత నేను కోఆర్డినేటర్‌గా ఉన్నంత కాలం రెండు పద్ధతులు పాటించాను. మానేసేటప్పుడు అప్పగింతల ఫైలులో కూడా రాసి వచ్చాను. ఒకటి, కీ అచ్చుకు వెళ్లే ముందు ఆ ప్రశ్నలను వేరే తరగతి పిల్లలు ముగ్గురి చేత పైకి మాట్లాడిస్తూ చేయించాలి. రెండు, కీ రాసిన మనిషి మోడరేషన్ చేయకూడదు. ఈ రెండోది మేడం గారికి మొదట నచ్చలేదు, మనుషులు చాలరన్నారు. తర్వాత ఒప్పుకున్నారు.

నేను నేర్చుకున్నది ఇంతే. కీ రాసిన మనిషే మళ్ళీ దిద్దితే, కీలో ఉన్న తప్పు పిల్ల తప్పుగా కనిపిస్తుంది. ఎన్నిసార్లు దిద్దినా అలాగే కనిపిస్తుంది. ఆ పిల్ల పేపరు మీద సున్నాలు పెట్టిన చెయ్యీ, ఆ సున్నాలను సరిచూసిన చెయ్యీ ఒకటే కీని పట్టుకున్నాయి. రెండుసార్లు సరిచూశామన్న నమ్మకం నాకు ఉండేది. నిజానికి ఆ కీని ఒక్కసారి కూడా సరిచూడలేదు.